పద్నాలుగో నంబరు ఆస్తి

వంతెన ఇల్లు, పోర్ట్ ఎల్స్‌బీ
మార్చి 6, 2006

ప్రియమైన యుస్తినా పిన్నికి,

వందనాలు. నేను, అబ్రామ్ బాగున్నాం. కడుపులో బిడ్డ కూడా బాగుంది, నాలుగో నెల. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు.

నేను ఉత్తరాలు తక్కువ రాస్తానని నీకు తెలుసు. పన్నెండేళ్ళకే బడి మాన్పించారు కదా, కలం పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది. ఈ రోజు భయం వేసి రాస్తున్నాను.

నువ్వు పనిచేసే రాథ్‌వెల్ కంపెనీ నుంచే మాకొక కాగితం వచ్చింది. మా వంతెనను వేరేవాళ్ళకు అమ్ముతున్నారట. కొనేవాళ్ళు దానికి మోటారు పెడతారట. మోటారు వస్తే వంతెన తిప్పడానికి మనిషి అక్కర్లేదు. అందుకని సెప్టెంబరు ఒకటికల్లా ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలని రాశారు. కింద సంతకం చేసినాయన మా సేవలకు హృదయపూర్వక కృతజ్ఞతలు కూడా తెలిపాడు. బిడ్డ ఆగస్టు చివర్లో పుడుతుంది పిన్నీ. ఇక్కడి నుంచి మేం ఎక్కడికి పోవాలి?

ఇంకో సంగతి ఉంది. ఎవరికీ చెప్పకు. నువ్వు ఈ ఇంటికి ఎప్పుడూ రాలేదు గనుక నీకు తెలియదు. మా వంతెనకు అవతల ఏమీ లేదు. అవతలి లంకలో ఒకప్పుడు పిండిమిల్లు ఉండేది. పందొమ్మిదేళ్ళ కింద దాన్ని మూసేశారు. తర్వాత కౌంటీ సర్కారువాళ్ళు లంకలోని రోడ్డును తవ్వి కంకర పట్టుకుపోయారు. ఇప్పుడక్కడ ఉన్నది గడ్డి, అడవి బాతులు. అయినా అబ్రామ్ రోజూ పొద్దున తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకు ఇనుప కడ్డీ వేసి వంతెనను పక్కకు తిప్పుతాడు. పడవలకు దారి ఇచ్చి, పావుగంట ఆగి, మళ్ళీ మూస్తాడు. పడవలూ రావు. కౌంటీతో చేసుకున్న నలభై ఏళ్ళ ఒప్పందంలో అలా తిప్పాలని ఉందట. వంతెన సిద్ధంగా ఉన్నందుకు కౌంటీ కంపెనీకి డబ్బిస్తుంది.

నెలాఖరున అబ్రామ్ ఒక కాగితం నింపి పంపుతాడు. వంతెన సిద్ధంగా ఉన్న గంటలు: అన్నీ. ప్రమాదాలు: సున్న. ఫిర్యాదులు: సున్న. ఎంతమంది దాటారనే గడి ఆ కాగితంలో లేదు. లేని గడి ఎలా నింపుతాం అంటాడు.

నువ్వు ఆ పెద్దవాళ్ళకు రోజూ కాఫీలు అందిస్తావు కదా. వాళ్ళెలాంటివాళ్ళు? కాళ్ళు పట్టుకుంటే వింటారా?

నీ అగనేత


టొరంటో, ముప్పై ఒకటో అంతస్తు వంటగది
మార్చి 15

నా పిచ్చి అగనేతా,

కాళ్ళు పట్టుకునే పని పెట్టుకోకు. వాళ్ళ బూట్లు చాలా ఖరీదు. నీ వేలిముద్రలు పడితే నాచేతే తుడిపిస్తారు.

కంపెనీకి నలభై ఏళ్ళు నిండాయని ఒక చరిత్ర పుస్తకం అచ్చు వేస్తున్నారు. ఆ కాగితాలు కాఫీ బల్ల మీద పడి ఉంటే చదివాను. నువ్వూ విను. రాథ్‌వెల్ అన్నదమ్ములిద్దరూ మొదట కంకర తవ్వి అమ్ముకునేవారు. కంకర అయిపోయింది, గుంట మిగిలింది. ఆ గుంటను చదును చేసి, పక్కనున్న ఆస్పత్రికి వచ్చేవాళ్ళు బండ్లు నిలుపుకోవడానికి గంటల లెక్కన అద్దెకిచ్చారు. లోపల మనిషి ప్రాణాల మీద ఉంటే బయట బేరమాడేవాడు ఉండడని అప్పుడే కనిపెట్టారు. పుస్తకంలో ఈ ముక్క 'దూరదృష్టి' అనే అధ్యాయంలో ఉంది.

తర్వాత ఒక ఊరి మంచినీళ్ళ గొట్టాలు, ఇంకో ఊరి మురుగునీళ్ళ గొట్టాలు కొన్నారు. ఆపైన చిలీ దేశంలో ఒక సొరంగంలో సగం. తూర్పు తీరంలో ఒక విమానాశ్రయం రన్‌వేలో మూడో వంతు. ఒక జైలుకు వేడినీళ్ళు పంపే బాయిలరు. మొత్తం ఇరవై రెండు ఆస్తులు. మీ వంతెన పద్నాలుగోది. పదకొండేళ్ళ కింద ఇంకేదో కంపెనీని కొంటే దాని జేబులో దొరికింది.

దానికి ఇక్కడ ఎంత పేరో తెలిస్తే నువ్వు నవ్వుతావు. నిన్న చైర్మన్ రాథ్‌వెల్, అంటే ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడి కొడుకు, సొరంగం చూసే మేనేజరును నిలబెట్టి కడిగేశాడు.

"పద్నాలుగును చూసి నేర్చుకోవయ్యా! పదకొండేళ్ళలో ఒక్క ఫిర్యాదు ఉందా? ఒక్క గుంట పడిందా? నీ సొరంగానికేం రోగం?"

"సార్, సొరంగంలోంచి లారీలు వెళ్తున్నాయండి."

"సాకులు చెప్పకు."

నేను చక్కెర గిన్నె పెట్టేసి గబగబా బయటికి వచ్చాను, అక్కడే ఉంటే నవ్వు ఆగేది కాదు.

మీ వంతెనను కొనేది రిటైరైన దంతవైద్యుల పింఛను నిధి. జీవితమంతా పళ్ళు పీకి దాచుకున్న సొమ్ము అది. నువ్వు కంగారుపడకు. చెవులు ఇక్కడే పెట్టుకుని ఉంటాను.

నీ పిన్ని యుస్తినా


వంతెన ఇల్లు
ఏప్రిల్ 20

ప్రియమైన పిన్నికి,

సొరంగంలో సగమంటే ఏ సగం? అబ్రామ్ పొడుగునా సగమంటాడు, వెళ్ళేవాళ్ళు కంపెనీవాళ్ళకు, వచ్చేవాళ్ళు ఇంకొకరికి. నేను అడ్డంగా సగమనుకుంటున్నాను. అలాగైతే మధ్యలో గీత గీస్తారా? చీకట్లో అది ఎలా కనిపిస్తుంది? రన్‌వేలో మూడో వంతు మాట మాత్రం మేమిద్దరం ఆలోచించడం మానేశాం. విమానంలో ఉన్నవాళ్ళ గురించి భయమేసింది.

మొన్న కంపెనీ లాయరు క్రిచ్లీ గారు వచ్చారు. కొత్తవాళ్ళొస్తే నేనేం చేస్తానో నీకు తెలుసు. సామాన్ల గదిలోకి పోయి తలుపు ఓరగా వేసుకున్నాను. సందులోంచి అంతా కనిపించింది.

"పెద్ద పనేం లేదండీ," అన్నారాయన. "వంతెన సరిగ్గా పనిచేస్తోందని దైవసాక్షిగా ప్రమాణం చేసి ఇక్కడ సంతకం పెట్టాలి. కొనేవాళ్ళు అడిగారు."

"చెయ్యను," అన్నాడు అబ్రామ్.

"అంటే, పనిచెయ్యట్లేదా?"

"పనిచేస్తోంది."

"మరి ప్రమాణం చెయ్యడానికేం?"

"చెయ్యను."

క్రిచ్లీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. గొంతు తగ్గించి, "ఏం కావాలి మీకు?" అన్నారు.

"ఏమీ వద్దు."

ఆ మాటకు ఆయన ముఖం తెల్లబోయింది. నూడుల్స్ సూప్ పెడదామని వేడి చేశాను కూడా, తాగకుండానే వెళ్ళిపోయారు. మన సంఘంవాళ్ళు దేవుడి పేరున ఒట్టు పెట్టరని లోకానికంతా తెలుసని అబ్రామ్ అనుకుంటాడు. ఔనన్నామంటే ఔనే కదా, దానికి మళ్ళీ దేవుణ్ణి సాక్షికి పిలవడం దేనికి?

వాళ్ళకు కోపం వస్తే సెప్టెంబరు దాకా కూడా ఉండనివ్వరేమో.

అగనేత


టొరంటో
ఏప్రిల్ 28

అగనేతా,

అబ్రామ్ "ఏమీ వద్దు" అన్నాడా! ఈ అంతస్తులో అంతకన్నా భయంకరమైన మాట ఇంకోటి లేదే తల్లీ. బాంబు పడిందన్నా ఇంత గగ్గోలు ఉండేది కాదు. నాలుగు రోజులుగా మీటింగులే. నాకు కాఫీ పొడి తెచ్చుకునే తీరిక కూడా లేదు.

"వాడి వెనక ఎవరో పెద్ద తలకాయ ఉంది," అంటాడు చైర్మన్. "ఎంత అడగాలో లెక్క వేసుకుంటున్నాడు. ఏ లాయరును పెట్టుకున్నాడు?"

"లాయరెవరూ కనబడలేదు సార్. కానీ భార్య ఉంది," అన్నాడు క్రిచ్లీ.

"ఏమంది?"

"ఒక్క ముక్క మాట్లాడలేదు. తలుపు వెనక నిలబడి సందులోంచి నన్నే చూస్తోంది సార్. మొత్తం గంట సేపు. రెప్ప వెయ్యలేదు."

చైర్మన్ బల్ల మీద చరిచాడు. "అయితే ఆవిడే!"

నా చేతిలో పాలగిన్నె ఒలికింది. బాతు అరిస్తే బల్ల కింద దూరే నువ్వు, టొరంటోలో ముప్పై ఒకటో అంతస్తును వణికిస్తున్నావు. ఇక్కడ నీకు పేరు కూడా పెట్టారు, 'తలుపు వెనక ఆవిడ'. నువ్వు నా అక్క కూతురివని నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నా జీతమైనా పెంచేవాళ్ళేమో.

మీకు కొత్త పొయ్యి పంపుతున్నారు. తీసుకో. కిమ్మనకు.

పిన్ని


వంతెన ఇల్లు
మే 19

ప్రియమైన పిన్నికి,

పొయ్యి వచ్చింది. ఆరు మంటలది. మా ఇద్దరికీ ఆరు మంటలు ఎందుకో తెలియదు. తర్వాతి వారం ఇద్దరు మనుషులొచ్చి అడగకుండానే పైకప్పు బాగుచేసి వెళ్ళారు. నిన్న క్రిచ్లీ గారు మళ్ళీ వచ్చి ఇంట్లో పదేళ్ళు ఉండనిస్తామన్నారు. అబ్రామ్ ప్రమాణం చెయ్యనన్నాడు. ఆయన బయటికెళ్ళి ఫోన్లో మాట్లాడి లోపలికొచ్చి ముప్పై ఏళ్ళన్నారు. అబ్రామ్ మళ్ళీ చెయ్యనన్నాడు. ఆయన వెళ్ళేటప్పుడు సామాన్ల గది తలుపుకేసి వంగి దండం పెట్టి వెళ్ళారు.

పిన్నీ, ఆయన ఏం కావాలని మూడుసార్లు అడిగారు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

నాకు నిద్ర పట్టడం లేదు. ఈ పొయ్యి మీద రొట్టె బాగా పొంగుతుంది, కానీ అది మాదని అనిపించదు. మేం అడగనిది, వాళ్ళు పొరబడి ఇచ్చింది. పైగా వాళ్ళకు అవతలి ఒడ్డు సంగతి తెలియదు. తెలియక కొనే ఆ ముసలి డాక్టర్ల సంగతేమిటి? నేను ఒట్టు సంగతి, అవతలి ఒడ్డు సంగతి రెండూ కాగితం మీద రాసి కంపెనీకి పంపుదామనుకుంటున్నాను. ఇల్లు పోతుందని తెలుసు. అబ్రామ్ నీ ఇష్టమన్నాడు.

అగనేత


టొరంటో
మే 24

అగనేతా,

ఏమీ రాయకు. ఏమీ పంపకు. అవతలి ఒడ్డు గురించి నువ్వు నోరెత్తాల్సిన పని లేదు. కళ్ళున్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, చూడకపోతే అది వాళ్ళ ఖర్మ. కడుపుతో ఉన్నదానివి, ఇల్లు చూసుకో.

యుస్తినా


వంతెన ఇల్లు
మే 30

పిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఒక్క నవ్వు కూడా లేదు. ఆఖరికి చిన్నాన్న పోయినప్పుడు రాసిన ఉత్తరంలో కూడా నవ్వు ఉంది. ఏమైంది?

అగనేత


టొరంటో
జూన్ 8

అగనేతా,

నువ్వు మాట్లాడవు గానీ అన్నీ కనిపెడతావు. క్రిచ్లీ భయపడ్డాడంటే భయపడడూ మరి.

మీ చిన్నాన్న పోయాక నేను అంట్లు తోమి, ఆఫీసులు తుడిచి, కాఫీలు పోసి పదకొండు వేల డాలర్లు వెనకేశాను. నాలుగేళ్ళ కింద చైర్మన్ మా పనివాళ్ళందర్నీ పిలిచి, మీరంతా నా కుటుంబం, మీరూ ఈ కంపెనీలో వాటా కొనుక్కోండి అన్నాడు. ఆయన నన్ను కుర్చీలో కూర్చోమనడం అదే మొదటిసారి. మొత్తం పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

ఇప్పుడు నువ్వు అవతలి ఒడ్డు మాట చెబితే బేరం చెడుతుంది. వాటా ధర పడిపోతుంది. అంతే అయితే ఓర్చుకుంటాను. కానీ పద్నాలుగును ఒకసారి వెళ్ళి చూశారంటే, తతిమ్మా ఇరవై ఒకటిని కూడా ఎవరైనా వెళ్ళి చూస్తారు. అదీ నా భయం.

ఇందుకే నీ ఇల్లు అడ్డుపెట్టి నీ నోరు నొక్కబోయాను. నా బుద్ధి అలా అయింది. చైర్మన్, ఆ డాక్టర్ల తరఫున ఒకావిడ, జులై పన్నెండున మీ ఇంటికి వస్తున్నారు. నీకు ఏది తోస్తే అది చెయ్యి. ఇది మాత్రం మనస్ఫూర్తిగా అంటున్నాను.

నీ పిన్ని


వంతెన ఇల్లు
జులై 13

ప్రియమైన పిన్నికి,

నిన్న వచ్చారు. చైర్మన్ గారు, క్రిచ్లీ గారు, పళ్ళ డాక్టర్ల నిధి నుంచి ఓర్టన్ గారనే తెల్లజుట్టు ఆవిడ. ఈసారి సామాన్ల గదిలోకి పోదామన్నా ఈ పొట్టతో ఆ తలుపులో పట్టను. పొయ్యి పక్కన నిలబడ్డాను.

జున్ను కూరిన వరేనికి కుడుములు ఉడికించి, మీగడ పులుసు పోసి పెట్టాను. చైర్మన్ గారు ముట్టుకోలేదు. జేబులోంచి ఒక కాగితం తీసి అబ్రామ్‌ను దాటి నా ముందు పెట్టారు.

"అమ్మా, ఇక దాగుడుమూతలు వద్దు. ఇదిగో ఇల్లు. మీ ఇద్దరి పేరు మీదే. ఇంకా ఏం కావాలో మీ నోటితోనే చెప్పండి."

పొయ్యి పట్టుకుని నిలబడి, "ఇల్లు వద్దండి," అన్నాను.

క్రిచ్లీ గారు కళ్ళు మూసుకున్నారు.

"ఈ పొయ్యి కూడా తీసుకెళ్ళండి. మేం ఒట్టు పెట్టమండి. మా సంఘంలో ఎవరూ పెట్టరు. ఊరికే అడిగితే చెప్తాం. అంతే."

"అంతేనా?" అన్నారు చైర్మన్ గారు.

"అంతేనండి."

ఆయన అబ్రామ్ వైపు తిరిగారు. "ఆ ముక్క ఏప్రిల్లోనే చెప్పి చావొచ్చు కదయ్యా!"

"మీరు అడగలేదు," అన్నాడు అబ్రామ్.

క్రిచ్లీ గారు మెల్లగా దగ్గి, "ఒట్టు పెట్టనివాళ్ళ కోసం వేరే కాగితం ఉంటుంది సార్," అన్నారు. "నా సంచిలోనే ఉంది. ఎప్పుడూ ఉంటుంది."

చైర్మన్ గారు ఆయన వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఇంటి కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నవ్వుతూ వరేనికి పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. ఆ కాగితం జేబులోకి వెళ్ళిపోతుంటే నాకు ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను. అయినా అప్పుడే చెప్పేశాను, ఆగితే మళ్ళీ నోరు రాదని.

"ఇంకో మాట ఉందండి. అవతలి ఒడ్డు చూశారా?"

"అవతలి ఒడ్డు మాది కాదమ్మా. వంతెన వరకే మాది," అన్నారాయన, తింటూ.

ఓర్టన్ గారు లేచారు. "నేను చూస్తాను."

నలుగురినీ వెంటబెట్టుకుని వంతెన దాటించాను. అవతల గడ్డి నడుం దాకా ఉంది. ఒక బాతు క్రిచ్లీ గారి ప్యాంటు పట్టుకుంటే అబ్రామ్ విడిపించాడు.

"రోడ్డేదీ?" అన్నారు ఓర్టన్ గారు.

"లేదండి. తవ్వేశారు."

"మరి ఈ వంతెన ఎవరు దాటుతారు?"

"ఈ ఏడు మనమేనండి. పోయినేడు నేను, బెర్రీలు కోసుకోవడానికి."

చైర్మన్ గారి ముఖం ఉడకని పిండిలా ఉంది. ఇల్లు పోయింది, నీ పదకొండు వేలూ పోయాయి అనుకున్నాను పిన్నీ. గడ్డిలోనే కూర్చుండిపోదామనిపించింది.

"అంటే అరుగుదల లేదు," అన్నారు ఓర్టన్ గారు.

"లేదండి."

"ప్రమాదం జరగడానికి మనిషే లేడు."

"లేడండి."

"కౌంటీ మాత్రం డబ్బిస్తూనే ఉంటుంది."

"ఇంకా ఇరవై ఏళ్ళు," అన్నారు క్రిచ్లీ గారు, మోకాలు రుద్దుకుంటూ.

ఆవిడ వంతెన కమ్మీని చేత్తో నిమిరింది. "ముప్పై ఏళ్ళు నోళ్ళలోకి చూశానమ్మా. ఎవరూ నమలని పన్నును ఇప్పుడే చూడటం." తర్వాత చైర్మన్ గారితో అంది: "మోటారు వద్దు. మోటారు పెడితే చెడుతుంది. చెడితే బాగుచెయ్యడానికి మనుషులొస్తారు. వాళ్ళు తొక్కితే వంతెన పాడవుతుంది. ఇతన్నే ఉంచండి. ఈ ఇరవై ఏళ్ళూ ఇల్లు వీళ్ళకే ఉండనివ్వండి. ఏదీ కదపొద్దు."

చైర్మన్ గారికి రంగు తిరిగి వచ్చింది. "అందుకేనండీ, ఇన్నేళ్ళూ దీన్ని ఇంత జాగ్రత్తగా కాపాడుకొచ్చాం," అన్నారు. వంతెన తిరిగి దాటేలోపే ధర పెంచారు. ఆవిడ ఒప్పుకుంది.

ఒట్టు లేని కాగితం మీద నేనే రాశాను, అబ్రామ్ రాత నాకన్నా అధ్వానం గనుక. 'వంతెన తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అవతల రోడ్డు లేదు. ఎవరూ దాటరు.' అబ్రామ్ సంతకం పెట్టాడు. పొయ్యి తీసుకెళ్ళమంటే లారీ బాడుగ దండగ అని వదిలేశారు.

నిజం చెబితే ఇల్లు పోతుందని ఇన్ని నెలలు ఏడ్చాను. చెప్పాను, ఇల్లు నిలిచింది. సంతోషంగానే ఉంది. కానీ నేను చెప్పింది వాళ్ళు విన్నారా అని నిన్నటి నుంచి అనుకుంటున్నాను. వాళ్ళ చెవుల్లో పడేసరికి అది వేరే మాటైపోయింది.

నాకు లెక్కలు రావు పిన్నీ. ఒక్కటే అడుగుతాను. తతిమ్మా ఇరవై ఒకటినీ నువ్వైనా చూశావా?

నీ అగనేత


టొరంటో
ఆగస్టు 9

నా బంగారు అగనేతా,

చూడలేదు. అందుకే నిన్న బ్యాంకుకు వెళ్ళి నా వాటా మొత్తం అమ్మెయ్యమన్నాను.

కౌంటర్లో కుర్రముఖం ఆయన నోరు తెరిచాడు. "అమ్మడమేంటి ఆంటీ, ఊరంతా కొంటుంటే! పద్నాలుగో నంబరు అమ్మకం వార్త వచ్చాక ధర ఎంతకెళ్ళిందో చూశారా?"

"ఆ వంతెన గురించి చదివావా నాయనా?"

"చదవకుండానా!" అని కంపెనీ వేసిన పుస్తకం తీశాడు. మొదటి పేజీలోనే ఉన్నాయి నువ్వు రాసిన మూడు ముక్కలు, ఒక్క అక్షరం మార్చలేదు. అందరికీ వినబడేలా చదివాడు. "అవతల రోడ్డు లేదు. ఎవరూ దాటరు." చదివి నా వైపు గర్వంగా చూశాడు. "చెప్పండి, ఇలాంటి ఆస్తి ఇంకెక్కడ దొరుకుతుంది?"

నా వెనకాల వరసలో ఉన్న ముసలాయన ముందుకు వంగి, "ఏ కంపెనీ, ఏ కంపెనీ?" అన్నాడు.

ఆయన్ను చూస్తే జాలేసింది. ఏదో చెప్పబోయాను కూడా. కానీ ఇంకేం చెప్పను, అంతా రాసే ఉంటే? డబ్బు తీసుకుని, సంచి చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

ఉద్యోగం కూడా మానేశాను. వచ్చే శనివారం బస్సుకు వస్తున్నాను. పురుడు నేనే పోస్తాను, ఆ ఆరు మంటల్లో నాలుగు నాకు వదిలెయ్. పడుకోవడానికి అవతలి ఒడ్డు వైపు కిటికీ ఉన్న గది ఇవ్వు. అటు నుంచి ఎవరూ రారు కదా, ఇరవై ఏళ్ళ నిద్ర బాకీ ఉంది నాకు.

నీ పిన్ని యుస్తినా